బాగుపడ్డామా, బాగున్నామా?



పోయిన వైశాఖ పౌర్ణమి నాడు నారాయణపేట దిక్కు ఒక ఊరిలో బుద్ధ వందన అయిపోయింది. త్రిశరణం, పంచశీల చెప్పుకున్నాం, అందరికీ పాయసం పంచారు, పిల్లలు కుర్చీలు సర్దుతున్నారు. గోడకు ఆనుకొని కూర్చున్న ఒక అవ్వ నన్ను దగ్గరికి పిలిచింది. డెబ్బై ఏండ్లు దాటి ఉంటాయి.

"బిడ్డా, మైకుల మస్తు చెప్పినవు. నాదొక్కటే అడుగుడు. మా అత్త గంజి తాగి బతికింది, నేను సన్నబియ్యం బువ్వ తింటున్న. మా మామ గడిల వెట్టి చేసిండు, నా మనుమడు హైదరాబాద్‌ల కంప్యూటర్ ముంగట కూసుంటడు. బాగుపడ్డం, కాదన. మరి మా ఇంట్ల ఒక్కరి మొకంల కళ లేదెందుకు?"

నేను తృష్ణ గురించి, కోరికల గురించి పుస్తకంలో చదివిన మాట ఏదో చెప్పాను. ఆమె కాసేపు విని "సరే తియ్యి బిడ్డా" అని చెప్పులు తొడుక్కొని పోయింది. నా జవాబు ఆమెకు ఆనలేదు. నిజం చెప్పాలంటే నాకూ ఆనలేదు. బాగుపడటం వేరు, బాగుండటం వేరు అని ఆమె అన్నది. ఈ రెండింటి నడుమ ఏమున్నదో మీతో కలిసి ఆలోచించాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు బాగుపడ్డ సంగతి. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్ల మీద నాకు కోపం. "మనశ్శాంతి ముఖ్యం, డబ్బుదేముంది" అని కడుపు నిండినవాళ్లు చెప్పగలరు. మా నాయన పాలమూరు కూలి. డ్యాముల కాడ, కాలువల కాడ మట్టి మోసినవాడు. గుంపు మేస్త్రి పండుగ ముందు వచ్చి అడ్వాన్స్ చేతిలో పెట్టేటోడు. ఆ పైసలు పండుగకూ పాత బాకీకీ అయిపోయేవి. తరువాత ఏ రాష్ట్రం పోతున్నామో, ఎన్ని నెలలకు వస్తామో మా అవ్వకు కూడా తెలిసేది కాదు. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లోనే వచ్చింది. నేను పుట్టింది ఆ తరువాత. అయినా అడ్వాన్స్ తీరేదాకా మా నాయన పని వదిలి రాలేదు. జ్వరమొచ్చిన రోజుకు కూలి ఉండదు, పైగా ఆ రోజు తిన్న జొన్నపిండి బాకీలో రాసుకునేవాళ్లు.

సిగాలోవాద సుత్తం మొదటిసారి చదివినప్పుడు నాకు ఆ మేస్త్రే గుర్తొచ్చాడు. రాజగృహంలో సిగాలుడనే యువకుడు పొద్దున్నే తడిబట్టలతో ఆరు దిక్కులకు మొక్కుతుంటాడు. దిక్కులంటే ఆకాశంలో లేవు, నీ చుట్టూ ఉన్న మనుషులే దిక్కులు అంటాడు బుద్ధుడు. తల్లిదండ్రులు, గురువులు, భార్యాబిడ్డలు, స్నేహితులు, శ్రమణులు. కింది దిక్కు ఎవరనుకున్నారు? పనిచేసే మనిషి. అతనికి యజమాని చేయాల్సినవి ఐదు చెప్తాడు: బలానికి తగ్గ పని ఇయ్యాలి, తిండీ కూలీ ఇయ్యాలి, రోగమొస్తే చూసుకోవాలి, ఇంట్లో మంచి వంటకం చేసుకుంటే పంచి పెట్టాలి, సమయానికి సెలవియ్యాలి. రెండున్నర వేల ఏండ్ల కిందటి మాట ఇది. మా నాయన చనిపోయేదాకా ఈ ఐదింటిలో ఒక్కటి కూడా సాంతం చూడలేదు.

కాబట్టి ధమ్మం అంటే కండ్లు మూసుకొని కూర్చోవడమే అనుకుంటే పొరపాటు. మర్రిగూడ, మునుగోడు దిక్కు పోయినవాళ్లకు తెలుసు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పండ్లు పచ్చబడ్డవాళ్లను, ఎముకలు వంగి నలభై ఏండ్లకే లేచి నిలబడలేనివాళ్లను నేను దగ్గరగా చూశాను. వాళ్లకు గుళ్లో చెప్పిన మాట "పూర్వజన్మ కర్మ". బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం' రాసేటప్పుడు ఈ పూర్వజన్మ లెక్కనే గట్టిగా కాదన్నాడు. ఇప్పటి మనిషి కష్టాన్ని పోయిన జన్మ మీదికి నెడితే, ఆ కష్టం పెట్టిన సమాజం మీద ఎవ్వరూ వేలెత్తరు. మర్రిగూడ మనిషి నడుము వంచింది కర్మ కాదు, బోరు నీళ్లు. ఆ నీళ్లు మారాలె. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి పటిక, సున్నం వాడతారు. దానికి ప్రపంచమంతటా 'నల్లగొండ టెక్నిక్' అనే పేరు. మన జిల్లా పేరు శాస్త్రం పుస్తకాల్లోకి ఎక్కింది మన నొప్పి వల్ల! అటువంటి ఊర్లకు కృష్ణా నీళ్లు పైపుల్లో రావటం ధమ్మానికి బయటి విషయమేం కాదు. నాగార్జునకొండకు ఏ ఆచార్యుని పేరు ఉన్నదో ఆ నాగార్జునుడు శాతవాహన రాజుకు చెప్పిందిగా పేరున్న రత్నావళిలో, బాటసారుల కోసం నీళ్లుండే చోట ఏమేం పెట్టించాలో ఒక జాబితా ఉంటుంది. చెప్పులు, గొడుగులు, సూది, దారం, ముల్లు తీసే చిమటా. శూన్యవాదం చెప్పిన అంత పెద్ద తత్త్వవేత్త చిమటా గురించి ఆలోచించాడు. తుమ్మముండ్ల నేల మీద నడిచిన మనకు ఆ చిమటా విలువ ఎవరూ వివరించనక్కరలేదు.

ఇంతవరకు సరే. నీళ్లు వచ్చాయి, బియ్యం వచ్చాయి, పింఛన్ వచ్చింది, పిల్లలు డిగ్రీలు చదివారు. అవ్వ ప్రశ్న ఇక్కడే మొదలైతది.

మన ఊర్లలో రెండు గ్లాసుల పద్ధతి మీకు గుర్తుండే ఉంటుంది. హోటల్ బయట చూరులో చెక్కిన గ్లాసు తీసుకొని, చాయ తాగి, మనమే కడిగి మళ్లీ అక్కడే పెట్టాలి. దాని మీద సంఘాలు కొట్లాడాయి, కేసులు పెట్టాయి, కొన్ని చోట్ల దెబ్బలు తిన్నాం. ఇప్పుడు చాలా హోటళ్లలో రెండు గ్లాసులు లేవు. ఎట్ల పోయాయి? కొన్ని చోట్ల మన పోరాటంతో పోయాయి. ఇంకా చాలా చోట్ల కాగితం కప్పు వచ్చింది కాబట్టి పోయాయి. అందరూ తాగి పారేసే కప్పు. హోటలాయన మనసు మార్చుకునే అవసరమే రాలేదు.

బావి సంగతీ అంతే. 1927 మార్చి 20న మహాడ్‌లో బాబాసాహెబ్ చెరువు నీళ్లు దోసిట్లో తీసుకొని తాగింది దాహానికి కాదు, తోటి మనుషులతో సమానంగా ఆ గట్టు మీద నిలబడటానికి. ఇప్పుడు ఇంటింటికీ నల్లా వచ్చింది. ఊరి బావి కాడ కొట్లాట బందయింది. ఎందుకంటే ఊరి బావి కాడికి ఎవరూ పోవటం లేదు. అవమానం జరిగే చోటు పోయింది. కానీ ఆ చోట కలిసి నిలబడే మనుషులు తయారయ్యారా? కాలేదు. ఎవరి నల్లా వాళ్లది, ఎవరి కప్పు వాళ్లది, ఎవరి ఫోన్ వాళ్లది. వసతి మారితే మనిషి ఒంటికి సుఖం. విలువ మారితేనే మనిషికి మనిషి సుఖం. ఈ రెండోది వెనకబడింది.

బాబాసాహెబ్ 1954 అక్టోబర్ 3న ఆకాశవాణిలో మాట్లాడుతూ, స్వేచ్ఛ, సమానత్వం, సోదరభావం అనే మూడు మాటలను తాను ఫ్రెంచి విప్లవం నుంచి కాదు, తన గురువు బుద్ధుని నుంచి తీసుకున్నానని చెప్పాడు. మనం మొదటి రెండింటి కోసం ధర్నాలు చేశాం. మూడోదాని కోసం ధర్నా చేయలేం. ఎవరి ఆఫీసు ముందు కూర్చుంటాం?

ఇగ అవ్వకు నేను చెప్పాల్సిన జవాబు ఏమిటో తరువాత దొరికింది. శ్రావస్తిలో అనాథపిండికుడు అనే పెద్ద వర్తకుడు ఉండేవాడు. సంసారంలో ఉన్న మనిషికి దొరికే సుఖాలు నాలుగని బుద్ధుడు అతనికి చెప్పిన మాట అంగుత్తర నికాయంలో ఉన్నది. న్యాయంగా కష్టపడి సంపాదించింది నాకున్నది అనుకునే సుఖం, అత్థి సుఖం. దాన్ని అనుభవిస్తూ నలుగురికి మంచి చేసే సుఖం, భోగ సుఖం. ఎవరికీ బాకీ లేననే సుఖం, ఆనణ్య సుఖం. చేతితో, మాటతో, మనసుతో తప్పు చేయలేదనే సుఖం, అనవజ్జ సుఖం. చూడండి, ఆస్తి వద్దనలేదు, తినొద్దనలేదు. మొదటి రెండు సుఖాల గురించి మనకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు, అవి లేక మన పెద్దలు ఏడ్చిన ఏడుపు మనకు తెలుసు. నేను ఆగిపోయింది మూడోదాని దగ్గర.

ఇప్పుడు నా ఇంటి సంగతి చెప్పాలి. మా నాయన అడ్వాన్స్ తీసుకోవటం ఆకలికి. నేను బి.ఏ. చదివాను, ఇరవై రెండు ప్రతిజ్ఞలు చేశాను, ఊరూరా తిరిగి చెప్పాను. మూడేండ్ల కింద నా పెద్దబిడ్డకు ఓణీల ఫంక్షన్ చేశాను. కార్డు మీద పైన బుద్ధుని బొమ్మ, పక్కన బాబాసాహెబ్ బొమ్మ, కింద 'నూతన వస్త్రాలంకరణ మహోత్సవం'. ఫంక్షన్ హాలు, పూల డెకరేషన్, డీజే, రెండు రకాల మాంసం. పైసలు ఎక్కడివి? నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చాను. లక్షకు నెలకు మూడు వేలు, ఏడాదికి ముప్పై ఆరు వేలు మిత్తికే పోతాయని లెక్క తెలియని మనిషిని కాదు. అయినా తెచ్చాను. వచ్చినవాళ్లలో ఒక పెద్దమనిషి "అన్నా, కమ్మోళ్ల, రెడ్లోళ్ల ఫంక్షన్ లెక్క చేసినవ్" అన్నాడు. ఆ మాటకు నా ఛాతీ ఉబ్బింది. ఇది ఒప్పుకోవటానికి నాకు మూడేండ్లు పట్టింది.

మా నాయన బాకీ, నా బాకీ పక్కపక్కన పెట్టి చూడండి. ఆయన బాకీకి కారణం లేమి. నా బాకీకి కారణం, ఎవడైతే మమ్మల్ని ఊరి బయట ఉంచాడో వాడి కండ్లలో పెద్దగా కనబడాలనే ఆశ. దొర పోయాడు, గడి కూలింది. కానీ మనిషి విలువను ఆర్భాటంతో కొలిచే దొర గజంబద్ద నా ఇంట్లోనే ఉన్నది. దాంతోనే నన్ను నేను కొలుచుకుంటున్నాను. సమాజం మారినప్పుడు విలువలు మారకపోతే ఏమైతదో నన్ను చూసి తెలుసుకోవచ్చు. నెల మొదటి వారం మిత్తి కట్టాల్సిన నాడు నా ఇంట్లో ఎవరి మొకంలోనూ కళ ఉండదు.

బాబాసాహెబ్ చెప్పిన నిచ్చెనమెట్ల సంగతి మనకు నోటికొచ్చు. పై మెట్టువాడికి మొక్కటం, కింది మెట్టువాణ్ని తొక్కటం. ఈ నిచ్చెన మీద బతికినవాడికి ఒక రోగం అంటుకుంటుంది. తాను బాగున్నానా అని తనను అడుక్కోడు, పక్కవాడికంటే పైన ఉన్నానా అని చూసుకుంటాడు. అట్ల చూసుకునేవాడికి సన్నబియ్యం పెట్టినా కడుపు నిండదు, ఎందుకంటే పక్కింటాయన బాస్మతి తింటుంటాడు గదా. బుద్ధుడు చెప్పిన తృష్ణ ఇదే అనుకుంటా, కాకపోతే ఆ రోజు అవ్వకు నేను దాన్ని ఒంటరి మనిషి లోపలి దోషం అన్నట్టు చెప్పాను. ఇది ఊరు నేర్పిన తృష్ణ, కులం నేర్పిన తృష్ణ.

నాలుగో సుఖానికి వస్తాను. ఈ నాలుగో సుఖంలో పదహారో వంతుకు కూడా మొదటి మూడూ సరిపోవని బుద్ధుడు అనాథపిండికునికి చెప్పాడు. చెప్పింది ఎవరికో చూడండి. అంత సంపన్నునికి.

2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో ఏం జరిగిందో మీకందరికీ తెలుసు. గర్భంతో ఉన్న భార్యను ఆసుపత్రికి తీసుకుపోయి బయటికి వస్తున్న మన పిల్లగాణ్ని వెనక నుంచి నరికారు. ఆ పిల్లగాని పేరు నేను రాయనక్కరలేదు. మొదటి నిందితుడు ఆ అమ్మాయి కన్నతండ్రి. ఊరిలో పేరున్నవాడు, ఆస్తిపాస్తులు ఉన్నవాడు. బిడ్డ దూరమైంది, జైలుకు పోయాడు, కేసు తేలకముందే 2020 మార్చిలో చనిపోయాడు. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. తీర్పు వచ్చిన రోజు మనం స్వీట్లు పంచుకోలేదు, ఎవరికీ ఆ మనసు రాలేదు. చచ్చినవాడు తిరిగి రాడు.

ఆ తండ్రి మీద నాకు జాలి లేదు. కానీ ఒక విషయం ఆలోచించక తప్పదు. ఉన్నదాన్ని అనుభవించే భాగ్యం అతనికి ఉండింది. మనుమడు పుట్టబోతున్నాడు. ఎత్తుకొని తిరిగితే సరిపోయే సుఖాన్ని కులగౌరవం అనే ఒక్క విలువ మింగేసింది. కులం మనల్ని మాత్రమే చంపుతుందని ఇన్నాళ్లూ చెప్పాం. అది మోసేవాణ్ని కూడా లోపల నుంచి తింటుంది. విలువలకూ సుఖానికీ సంబంధం ఏమిటని ఎవరైనా అడిగితే మిర్యాలగూడ చూపించండి.

అయితే ఇక్కడితో ఆపితే మనకు హాయిగా ఉంటుంది. వేలు వాళ్ల వైపే ఉంటుంది కాబట్టి. ఆపను.

రెండేండ్ల కింద నన్ను ఒక ఇంటికి మాట్లాడటానికి పిలిచారు. ఊరు పేరు చెప్పను. ఇంట్లో బాబాసాహెబ్ ఫోటోకు దండ, బుద్ధుని విగ్రహం, ఏటా ఏప్రిల్ 14కు చందా రాసే ఇల్లు. వాళ్ల కొడుకు ఒక అమ్మాయిని ప్రేమించాడు. అమ్మాయిది మన పక్క వాడ. మాల, మాదిగ. ఎవరు ఏది అని చెప్పను, ఎటు తిప్పినా కథ అదే. తల్లి ఏడుస్తున్నది, తండ్రి "సమానత్వం సరే అన్నా, పిల్లనిచ్చుడు తెచ్చుకునుడు వేరే గదా" అన్నాడు. వర్గీకరణ మీద మీకొక అభిప్రాయం, నాకొక అభిప్రాయం ఉండొచ్చు, అది వాటాల లెక్క, కూర్చొని మాట్లాడుకోవచ్చు. ఈ ఇంటి సంగతి వాటాది కాదు. మనుషులందరూ సమానమని ప్రతిజ్ఞ చేసిన నోటితోనే ఆయన ఆ మాట అన్నాడు. నేనేమన్నాను? "పెద్దలు మీరు, ఆలోచించుకోండి" అని చాయ తాగి వచ్చాను. స్టీలు గ్లాసు, మంచి చాయ. ఆ ఇల్లు సంఘానికి పెద్ద ఆసరా, చందా పోతదని భయపడ్డాను. ఆ అమ్మాయికి వేరే పెండ్లి అయింది. కొడుకు ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటాడు, పండుగలకు కూడా రాడు. తల్లి నన్ను చూస్తే మాట్లాడదు.

అనవజ్జ సుఖం అంటే ఏమిటో పుస్తకంలో చదివితే నాకు అర్థం కాలేదు. అది లేనప్పుడు ఎట్ల ఉంటదో ఆ తల్లి ఎదురుపడ్డప్పుడల్లా అర్థమైతది.

'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో బాబాసాహెబ్ ఒక మాట తేటగా చెప్తాడు. ఒంటరిగా ఉన్న మనిషికి ధమ్మంతో పనిలేదు, ఇద్దరు మనుషులు కలిసి బతకాల్సి వచ్చినప్పుడే ధమ్మం కావాల్సి వస్తుందని దాని సారం. ఈ లెక్కన మన విహారంలో జరిగేది సగం ధమ్మమే. తెల్లబట్టలు కట్టుకొని గాథలు చెప్పుకోవటం మంచిదే. మిగతా సగం ఓణీల ఫంక్షన్ కాడ, పెండ్లి చూపుల కాడ, మిత్తి వ్యాపారి అరుగు కాడ, బెల్టు షాపు ముందు జరగాలి. భాగ్యరెడ్డి వర్మ 1906లో హైదరాబాద్‌లో జగన్మిత్ర మండలి పెట్టినప్పుడు బడులతో పాటు తాగుడు మీద, జోగిని ఆచారం మీద కూడా పనిచేశాడు. దేవుని పేరు చెప్పి ఆడపిల్లను ఊరికి ఇచ్చే ఆ ఆచారం మన పాలమూరు ఊర్లనే ఎక్కువ కాల్చుకుతిన్నది. నిషేధ చట్టం వచ్చింది 1988లో. చట్టానికి ఎనభై ఏండ్ల ముందే ఆ పెద్దమనిషి వాడల్లో తిరిగి "ఇది మనకు వద్దు" అని చెప్పటం మొదలుపెట్టాడు. చట్టం ఆపగలదు. "మనకు వద్దు" అనుకునేది మనమే.

మా మండలంలో పదకొండు కుటుంబాలం కూర్చొని ఒక ఒప్పందం చేసుకున్నాం. ఫంక్షన్‌కు అప్పు తేవద్దు. వందన, భోజనం, వచ్చిన పిల్లలకు తలా ఒక నోటుబుక్కు, అంతే. నాలుగు నెలలకే ఇద్దరు తప్పారు. ఒకాయన "నీ బిడ్డకు డీజే పెట్టుకొని మాకు చెప్తున్నవా" అని మీటింగ్‌లోనే అడిగాడు. అడగటం న్యాయమే. నేను లేచి లెక్క చెప్పాను, ఎంత తెచ్చింది, ఎంత కట్టింది, ఇంకా ఎంత ఉన్నది. ఆడవాళ్లు వింటున్నారు. నా భార్యకు కూడా పూర్తి లెక్క అప్పుడే తెలిసింది. ఆ రాత్రి ఇంట్లో ఏమైందో రాయను. మరునాడు ఇంకో ఇద్దరు వచ్చి వాళ్ల బాకీల లెక్క నాకు చెప్పారు, వాళ్ల ఇంట్లో ఇంకా చెప్పలేదట.

మొన్న మళ్లీ ఆ ఊరికి పోయినప్పుడు అవ్వ కనబడింది. నాలుగు సుఖాల సంగతి చెప్పాను, నా బాకీ సంగతి కూడా చెప్పాను. ఈసారి "సరే తియ్యి" అనలేదు. "మా మనుమనికి గుడ అప్పున్నట్టుంది బిడ్డా, ఫోన్ల ఎవరో అడుగుతరు, బయటికి పోయి మాట్లాడి వస్తడు" అన్నది. ఆ పిల్లగాని నంబర్ తీసుకున్నాను.

ఇంటికాడ ఇంకో సంగతి నడుస్తున్నది. నా చిన్నబిడ్డకు పన్నెండో ఏడు నిండుతున్నది. "పెద్దదానికి అంత చేసి చిన్నదానికి నోటుబుక్కులా? ఆ పిల్ల మనసుకు ఎట్ల ఉంటది?" అని నా భార్య అడిగింది. ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. పిల్లనే అడుగుదామని పిలిచాము. అది అక్క దిక్కు చూసింది, నా దిక్కు చూసింది, "డీజే వద్దు గని కొత్త లంగా ఓణీ మాత్రం కావాలె" అన్నది. బట్టల దుకాణానికి ఆదివారం పోతున్నాం, నగదు తీసుకొని.